చెరసాలకు సేనాని తగునా?

ఏదో ఒక రాష్ట్రమున ఖైదీలు గోడ దూకి పారిపోయినప్పుడో, బారకులలో కొట్లాట చెలరేగి ప్రాణనష్టము సంభవించినప్పుడో, లోపలనుండియే సెల్‌ఫోనులపై దందాలు నడచుచున్నవని పత్రికలకెక్కినప్పుడో, ప్రజాభిప్రాయము ఒక్క త్రోవనే పట్టుట మనము పలుమారు చూచుచున్నాము. సైన్యములో గాని పోలీసులో గాని ఆరితేరిన కఠినుడైన అధికారికి జైళ్ళను అప్పగించిననే గాని ఈ అవ్యవస్థ తీరదనుట ఆ త్రోవ. ఆజ్ఞాపించుటయందును శిక్షించుటయందును జీవితము గడపినవాడు ఖైదీని శత్రువుగా చూచునే గాని బాగుపడదగిన మనుష్యునిగా చూడజాలడని ఎదుటి పక్షమువారు వాదింతురు. ఈ ఇరుపక్షములును మనిషిని అతని దుస్తులనుబట్టి నిర్ణయించుచున్నవని నా అభిప్రాయము. సైనిక జీవితమునుండి కారాగార పరిపాలనకు వచ్చినవారిలో లోకము మఱువరాని సంస్కర్తలు కలరు. న్యాయస్థానములచేత శిక్షితులైన క్రూరులును కలరు. వారు తమ వెంట తెచ్చిన సైనిక సంప్రదాయములో ఏ భాగమును నిలుపుకొనిరి, ఏ భాగమును జారవిడిచిరి అను విషయము పరిశీలించినగాని ఈ భేదమునకు కారణము తెలియదు.

ప్రతి సైన్యమునకును తన పోలీసు తనకు ఉండును, తన జైలు తనకు ఉండును. సైనిక పోలీసు చేయు పనులలో క్రమశిక్షణ కాపాడుట, దారులు చక్కబెట్టుట మాత్రమే గాక, పట్టుబడిన శత్రుసైనికులను భద్రపరచుటయు, తప్పుచేసిన తమ సైనికులను నిర్బంధమున ఉంచుటయు చేరియున్నవి. అమెరికాలో 1874లో శాసనము ద్వారా లెవెన్‌వర్త్ కోటయందు సైనిక కారాగారము ఏర్పడినది. ఇంగ్లండులో కోల్చెస్టరు నగరమున సైనిక శిక్షణాలయము నేటికిని నడచుచున్నది. ఈ సంస్థలకు పౌర జైళ్ళలో అరుదుగా కానవచ్చు ఒక లక్ష్యము కలదు. లోపలనున్నవాడు ప్రభుత్వము ధనము వెచ్చించి తయారుచేసిన సైనికుడు. అతనిని వీలైనంతవఱకు తిరిగి దళములోనికి పంపవలెను, పంపుటకు వీలుపడనిచో బయటి జీవితమునకు సిద్ధపఱచి పంపవలెను. దీనికి తోడు, తన గోడల లోపల జరిగిన ప్రతి పనికిని అధిపతి తానే జవాబుదారి యగుననుట సైనిక న్యాయమున మౌలిక సూత్రము. బందీని కాపాడువాడు వేఱు, బందీని ప్రశ్నించి రహస్యములు రాబట్టువాడు వేఱు అనుట మఱియొక సూత్రము. ఈ మూడవదానిని గూర్చి సామాన్యముగా ఎవరును మాటాడరు గాని, తక్కిన రెండింటికన్న ఇదియే ముఖ్యమని క్రింది చరిత్రవలన తేటపడగలదు.

బ్రిటిషు నౌకాదళమున కెప్టెనుగా ఉండిన అలెగ్జాండరు మకోనకీ 1811లో ఓడ భగ్నమై శత్రువుల చేతికి చిక్కి, 1814 వఱకు ఫ్రాన్సులో యుద్ధఖైదీగా ఉండెను. నిర్బంధమనగా ఎట్టిదో చర్మమునకు తెలిసిన మనిషి ఇరువదియాఱేండ్ల తరువాత, 1840లో, ఆస్ట్రేలియాకు దూరముగా సముద్రమధ్యమునందున్న నార్ఫాకు దీవికి అధిపతియై వచ్చెను. రెండవసారి నేరము చేసిన ద్వీపాంతరవాస ఖైదీలను చేర్చు స్థలమది. కొరడాయు సంకెలయు తప్ప వేఱొక సాధనము అచ్చట ఎరుగరు. శిక్షను సంవత్సరములతో గాక చేసిన పనితోను నడవడితోను కొలువవలెనని ఆయన సిద్ధాంతము. ఇన్ని మార్కులు సంపాదించినచో విడుదల. దుష్ప్రవర్తనకు మార్కులు పోవును. విడుదల తాళపుచెవి ఖైదీ చేతిలోనే ఉండును. ఆయన నాయకత్వము సైనికునిదేయని గమనింపదగినది. ఖైదీలను చిన్న చిన్న బృందములుగా కూర్చి, ఒక్కొక్కరి తప్పునకు బృందమంతయు బాధ్యత వహింపవలెనని ఆయన చేసిన యోచన ఓడమీది నావికజట్ల అనుభవమునుండి పుట్టినదే. రాణి విక్టోరియా జన్మదినమున ద్వారములు తెఱచి ఖైదీలకు పండుగ చేయనిచ్చెనన్న వార్త సిడ్నీలో పెద్ద దుమారము రేపెను. 1843లో గవర్నరు గిప్సు స్వయముగా వచ్చి చూచి, దీవి శాంతముగా ఉన్నదని సంతృప్తి చెందెను గాని, ఆ లోపుననే లండనునుండి మకోనకీని వెనుకకు పిలుచు ఆజ్ఞ వెలువడియుండెను. నేడు మన జైళ్ళలో సత్ప్రవర్తనకు ఇచ్చు రెమిషను ఆ యోచనా వంశమునకు చెందినదే.

ఆ మకోనకీయే 1849లో బర్మింగుహాము నగరపు క్రొత్త జైలునకు గవర్నరై, రెండేండ్లకు పదవినుండి తొలగింపబడెను. ఆయన స్థానమున వచ్చినవాడు అంతకుమునుపు ఆయనకు సహాయకుడుగా ఉండిన విలియం ఆస్టిను. ఇతడును నౌకాదళపు లెఫ్టినెంటే. జైలు అదే, గోడలు అవే, పై అధికారులు వారే, దళమును ఒక్కటే. అయినను 1853లో పదునైదేండ్ల ఎడ్వర్డు ఆండ్రూస్ అను బాలుడు అచ్చటి చిత్రహింసలకు తాళజాలక ఉరిపోసుకొనెను. ప్రభుత్వము విచారణసంఘమును నియమించుట, ఆస్టిను నేరస్థుడని తేలి మూడు నెలలు జైలుశిక్ష పొందుట తరువాతి కథ. ఒకే సేవనుండి వచ్చిన ఇరువురు, ఒకే జైలున, ఒకరి వెంట ఒకరు నడపి చూపిన ఈ రెండు పాలనలకన్న మన ప్రశ్నకు స్పష్టమైన సాక్ష్యము వేఱొకటి దొరకుట కష్టము. సైనిక శిక్షణ మకోనకీని దయాళువుగా చేయలేదు, ఆస్టినును క్రూరునిగాను చేయలేదు. ఆ శిక్షణ ఇచ్చిన అధికారమును మొదటివాడు మనుష్యులను తిరిగి నిలువబెట్టుటకు వినియోగించెను. రెండవవాడు నిర్ణీతమైన పని గంటలలో పూర్తికావలెనను లెక్కకు వినియోగించెను.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ ద్వంద్వమే దేశపు విధానముగా విస్తరిల్లినది. ఫిరంగిదళపు కెప్టెను వాల్టరు క్రాఫ్టను 1854 మొదలు 1862 వఱకు ఐర్లండు జైళ్ళను నడపి, లస్కు అను చోట కావలి గోడలు లేని మధ్యస్థ కారాగారమును నెలకొల్పి, విడుదల పొందినవారిని పర్యవేక్షణలో ఉంచు పద్ధతిని తీర్చిదిద్దెను. ఇంజనీరు దళపు అధికారి ఎడ్మండు డ్యూకేను 1877 శాసనము తరువాత ఇంగ్లండు జైళ్ళన్నిటిని కేంద్రము చేతిక్రిందికి తెచ్చి, గడియారమువలె నడపెను. ఆ నిర్దుష్టమైన యంత్రము ఖైదీలను మునుపటికన్న చెడినవారిగా బయటికి పంపుచున్నదని 1895లో గ్లాడ్‌స్టను సంఘము నిర్ణయించుటతో ఆయన విరమించెను. డ్యూకేను దుర్మార్గుడు కాడు, లంచగొండి కాడు, సోమరియు కాడు. సమర్థత యొక్కటే చాలునని నమ్మువారు ఆయన చరిత్రను శ్రద్ధగా చదువవలెను.

అమెరికాలో థామస్ మాట్ ఆస్‌బర్ను సైనికుడు కాడు, వర్తకుడు. 1913లో ఆబర్ను జైలున మాఱుపేరుతో ఒక వారము ఖైదీగా ఉండి, ఖైదీలకు తమ క్రమశిక్షణను తామే చూచుకొను సంఘమును నేర్పినవాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున నౌకాశాఖ ఆయనకు పోర్టుస్మతు నౌకాదళ కారాగారమును అప్పగించెను. అంతకుముందే ఆయనయు, ఆయన యువసహాయకుడు ఆస్టిన్ మెకార్మికును నావికఖైదీల వేషమున లోపల కొంతకాలము గడపి చూచిరి. తరువాత కావలికున్న మెరీను సైనికులలో అధికభాగమును తొలగించి, లోపలి శాంతిభద్రతలు ఖైదీలకే అప్పగించిరి. తప్పించుకొనిపోవుదురన్న భయము నిజము కాలేదు సరికదా, అనేకులు తిరిగి నౌకలమీది కొలువునకు పోయిరి. మెకార్మికు జీవితము సైనిక కారాగారమునుండి పౌర కారాగారమునకు, అచ్చటినుండి తిరిగి సైనిక కారాగారమునకు సాగిన యాత్ర. ఆయన ఫెడరలు జైళ్ళ శాఖలో సహాయ డైరెక్టరుగా పనిచేసి, 1931లో వయోజన ఖైదీల విద్యను గూర్చి ప్రామాణిక గ్రంథము వెలువరించి, 1934 జనవరిలో న్యూయార్కు నగర కమిషనరుగా వెల్ఫేరు దీవి జైలుమీద దాడిచేసెను. ముఠానాయకులు లోపల విలాసముగా ఉండుచు పేద ఖైదీల ఆహారమును, మందులను హరించుచుండిన వైనము ఆనాడు బయటపడినది. రెండవ ప్రపంచయుద్ధమున యుద్ధశాఖ సైనికఖైదీల విషయమున ఆయన సలహానే కోరినది. కారుణ్యమన్నను కఠినత్వమన్నను ఒకటి ఉన్నచోట రెండవది ఉండదని భావించువారికి ఈ మనిషి జీవితము సమాధానము: జైలులోని దొరతనమును కూలద్రోయునంతటి కఠినుడు కానివాడు జైలులోని బలహీనుని కాపాడజాలడు.

మన కాలమునకు చేరువలోనిది బ్రిటిషు జనరల్ డేవిడ్ రాంస్‌బాతం ఉదంతము. బెల్‌ఫాస్టులో బ్రిగేడును నడపి, 1990 మొదలు 1993 వఱకు సైన్యపు అడ్జుటెంట్ జనరల్‌గా సిబ్బంది క్రమశిక్షణా వ్యవహారములన్నిటికి బాధ్యుడై, 1995 డిసెంబరులో జైళ్ళ ప్రధాన తనిఖీ అధికారి పదవి స్వీకరించెను. ఆ నెలలోనే లండనులోని హాలోవే స్త్రీల కారాగారమును తనిఖీ చేయబోయి, అచ్చటి దుస్థితి చూచి, బాగుచేయువఱకు తనిఖీ సాగింపనని సిబ్బందితోసహా బయటికి వచ్చివేసెను. అదే సంవత్సరము పార్కుహర్స్టు జైలునుండి ఖైదీలు పారిపోయినదానిపై విచారించిన వేఱొక జనరల్, సర్ జాన్ లియర్మాంటు, భద్రత బిగింపే ప్రధానముగా నివేదిక సమర్పించియుండెను. ఇరువురు సేనానులు, ఒకే దేశము, ఒకే సంవత్సరము, రెండు చూపులు! రాంస్‌బాతం అడిగిన ప్రశ్న మాత్రము అచ్చమైన సైనికునిది: ఈ దేశములోని స్త్రీల జైళ్ళన్నిటికిని ఎవరు బాధ్యులు? బాల నేరస్థుల జైళ్ళకు ఎవరు? యావజ్జీవ ఖైదీలకు ఎవరు? పేరుపెట్టి చెప్పుటకు ఒక్క మనిషియు లేడు. సైన్యములో ఏ పని చూచినను దానికొక అధిపతి ఉండును. జైళ్ళలో పని ఉన్నది, అధిపతి లేడు. 1996లో ఆయన చేసిన సూచన, ఖైదీల వైద్యమును జైళ్ళ శాఖనుండి తప్పించి జాతీయ వైద్యసేవకు అప్పగింపవలెనన్నది, పదేండ్లలో ఆచరణకు వచ్చినది. ఆయన ఏ జైలును నడపలేదు, ఎవరికిని ఆజ్ఞ ఇచ్చు అధికారమును లేదు; ఎప్పుడైనను ఏ గదినైనను తెఱపించి చూచుట, చూచినది ప్రకటించుట, ఇవి రెండే ఆయన ఆయుధములు. సేనాని కారాగారమునకు చేయగల మహోపకారము ఏలుబడికన్న తనిఖీలోనే ఉన్నదేమోయని ఈ ఉదంతము మనకు తోపజేయును.

ఇక కాపాడువాడు వేఱు, ప్రశ్నించువాడు వేఱు అను మూడవ సూత్రము. 2003లో ఇరాకులోని అబూ ఘ్రైబ్ జైలును అమెరికా సైనిక పోలీసుల 800వ బ్రిగేడు నడుపుచుండెను. గ్వాంటనామోనుండి వచ్చిన జనరల్ మిల్లరు, కావలివారు ప్రశ్నించువారికి అనుకూలమైన పరిస్థితులు కల్పింపవలెనని సిఫారసు చేసెను. సైనిక పోలీసు అధిపతియైన జనరల్ రైడరు ఆ నవంబరులోనే తన నివేదికలో, సైనిక పోలీసులను ప్రశ్నించుటలో పాల్గొననీయరాదని హెచ్చరించెను. ఆ హెచ్చరికను పెడచెవిని పెట్టి, అదే నెలలో జైలును సైనిక గూఢచారి దళపు అధికారి ఆజ్ఞకు లోబరచిరి. లోపల జరిగిన ఘోరములు 2004లో ప్రపంచమున కెల్ల తెలిసినవి. విచారణ జరిపిన జనరల్ టగూబా, కావలిని విచారణకు దాసిగా చేయుట సైనిక పోలీసు సంప్రదాయమునకే విరుద్ధమని నిష్కర్షగా వ్రాసెను. ఒక్క భటునికి డెబ్బదియైదుమంది బందీలవఱకు ఉండినట్లు వేఱొక సంఘము లెక్కించినది. శిక్షపడినవారిలో ఇరువురు సైన్యమున పిలుపు రాకముందు అమెరికా పౌర జైళ్ళలో వార్డరులుగా పనిచేసినవారే. కాబట్టి పౌర జైలు అనుభవమును రక్ష కాదు, సైనిక అనుభవమును రక్ష కాదు, సూత్రమే రక్ష. అదే ఇరాకులో 2007లో జనరల్ డగ్లస్ స్టోను, దాదాపు 25,000 మంది నిర్బంధితుల భారము నెత్తినపడగా, ప్రతివానిని ఎదుట నిలిపి అతని మాట విను పునర్విచారణ మండలులను, చదువును, చేతిపనులను ప్రవేశపెట్టెను.

నేడు లాటిన్ అమెరికాలో పవనము ఎదురుదిక్కుగా వీచుచున్నది. హోండురాసులో 2023 జూనున టమారా స్త్రీల జైలున 46 మంది మరణించిన పిమ్మట జైళ్ళను సైనిక పోలీసులకు అప్పగించిరి. ఎక్వడారులో 2024 జనవరిలో సైన్యము జైళ్ళలో ప్రవేశించెను. ముఠాలు పాలించు జైలును తిరిగి వశపఱచుకొనుటకు బలము కావలసిన మాట నిజము. మెకార్మికు చేసినది అదియే. కాని ఆయన దాడితోనే ఆగక సంస్కరణకు పూనుకొనెను. సైన్యము ప్రవేశించుటకు ముహూర్తమున్నది గాని నిష్క్రమించుటకు ముహూర్తములేని దేశములలో ఆ రెండవ అంకము వచ్చుట అరుదు. యూరపు ఖండమున 2006లో అంగీకరించిన కారాగార నియమములలో 71వది, జైళ్ళు సైన్యమునుండియు, పోలీసునుండియు, నేరపరిశోధక శాఖలనుండియు వేఱైన ప్రభుత్వాధికారుల బాధ్యతలో ఉండవలెనని శాసించుచున్నది. రష్యా సైతము 1998లో తన జైళ్ళను ఆంతరంగిక శాఖనుండి న్యాయశాఖకు మార్చెను. పేరు మార్చినంత సులువుగా అలవాట్లు మారవని తరువాతి చరిత్ర చాటుచున్నదనుట వేఱుమాట. నార్వేలో జైలు ఉద్యోగి కాదలచినవాడు జీతముతో రెండేండ్లు ప్రత్యేక విద్యాలయమున న్యాయము, మనస్తత్వము, నీతిశాస్త్రము అభ్యసింపవలెను.

మన దేశమునకు వత్తము. భారతదేశపు కారాగార వ్యవస్థ పుట్టుకతోనే సైనికుల చేతిలో పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున జైళ్ళ ఇన్‌స్పెక్టరు జనరలులు పెక్కురు సైనిక వైద్యసేవనుండి వచ్చినవారు. బెంగాలు జైళ్ళను నడపిన డాక్టరు మౌవటు 1857 తిరుగుబాటు పిమ్మట అండమాను దీవులను పరిశీలించి, ద్వీపాంతరవాసమునకు అనువైనవని నివేదించినవాడు. ఆగ్రా జైలు నడపిన డాక్టరు వాకరు 1858లో పోర్టు బ్లెయిరునకు మొదటి అధిపతియయ్యెను. మరణములు తగ్గించుట, ఆహారము తూచి పెట్టుట, పనిచేయించుట వారికి చేతనైన విద్యలు. మనిషిని మార్చుట వారి జాబితాలో లేదు. 1894 జైళ్ళ శాసనము ఆ బుద్ధికి రూపము. మద్రాసు సివిలు సర్వీసువాడైన సర్ అలెగ్జాండరు కార్డ్యూ అధ్యక్షతన 1919-20లో కూర్చున్న సంఘము సంస్కరణమే లక్ష్యమని మొదటిసారి ప్రకటించినను, శాసనము మాత్రము మారలేదు. స్వాతంత్ర్యానంతరము సైనిక వైద్యుని స్థానమున ఐ.పి.ఎస్. అధికారి వచ్చెను. జస్టిస్ ముల్లా సంఘము 1983లో, కారాగారములకు అఖిలభారత స్థాయిలో ప్రత్యేకమైన ఉద్యోగవర్గము ఏర్పఱుపవలెనని కోరినది. నలుబదియేండ్లు గడచినను ఆ కోరిక కాగితము దాటలేదు.

పోలీసు అధికారులు జైళ్ళకు మేలు చేయలేదని నేను అనను. తీహారులో 1993 మొదలు 1995 వఱకు కిరణ్ బేడీ చేసిన మార్పులు జగద్విదితములు. తెలంగాణలో ఖైదీలు పెట్రోలు బంకులు నడుపుటయు, విద్యాదానము పేర అక్షరాస్యతా కార్యక్రమము సాగుటయు ఐ.పి.ఎస్. అధికారి నాయకత్వముననే జరిగినవి. సచివాలయమున మాట చెల్లుబాటగు అధికారి ఉన్నచో జైలునకు నిధులు వచ్చుననుటయు సత్యమే. కాని ఇట్టి అధికారి వచ్చుట అదృష్టము, పోవుట బదిలీ. ఆయనతో ఆయన సంస్కరణయు పోవుచున్నది. గ్రూపు-1 పరీక్ష వ్రాసి జైళ్ళ డిప్యూటీ సూపరింటెండెంటుగా చేరి, ముప్పదియేండ్లు చంచల్‌గూడలోను రాజమహేంద్రవరమునను కడపలోను బారకుల మధ్య తలనెఱసిన ఉద్యోగికి శాఖాధిపతి పీఠము సాధారణముగా అందదు. ఏ ఖైదీ ఎందుకు మౌనముగా ఉన్నాడో, ఏ ములాఖత్ పిమ్మట ఏ బారకు ఎందుకు కలతపడినదో ఎఱిగినవాడతడే.

అంతకన్న గంభీరమైన అభ్యంతరము వేఱున్నది. 2022 చివరనాటికి మన జైళ్ళలో 4,36,266 మందికి చోటుండగా 5,73,220 మంది ఉండిరి. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అనగా నేరము ఇంకను ఋజువు కానివారు. వీరిని పట్టితెచ్చినది పోలీసు, వీరిపై సాక్ష్యము కూర్చుచున్నది పోలీసు. ఇందుచేతనే మన న్యాయస్మృతి పోలీసు కస్టడీని పరిమిత దినములకు కుదించి, ఆ పిమ్మట నిందితుని జ్యుడీషియలు కస్టడీకి పంపుచున్నది. పట్టువాని చేతినుండి తప్పించి కాపాడువాని చేతిలో పెట్టుట దీని భావము. ఆ కాపాడువాని శిరస్సుపై పట్టువాని కొలువులోనివానినే తెచ్చి కూర్చుండబెట్టినచో, ఆయన ఎంత సజ్జనుడైనను, శాసనము గీచిన గీత చెఱిగిపోవును. అమెరికా సైనిక పోలీసు అధిపతి 2003లో తన సైన్యమునకు చెప్పి వినిపింపలేకపోయిన మాటయు ఇదియే. వార్డరుల ఎంపికయు ఈ దోషమునకు అతీతము కాదు: ఉభయ తెలుగు రాష్ట్రములందును పోలీసు నియామక మండలియే కానిస్టేబులుతోపాటు జైలు వార్డరును పరుగుపందెముతో, లాంగుజంపుతో ఎంచుచున్నది. ఎదుటివాని కోపమును మాటతో చల్లార్పగలడా అని పరీక్షించు పందెమేదియు అందులేదు.

చేయదగిన పని మిక్కిలి కొత్తది కాదు. కారాగారములు రాజ్యాంగపు ఏడవ అనుసూచిలో రాష్ట్రాల జాబితాలోనివి. కేంద్రము 2023లో నమూనా శాసనమును పంపియున్నది. దక్షిణ రాష్ట్రములకు ఉమ్మడిగా వెల్లూరున శిక్షణాలయమున్నది. శాఖాధిపతిని జైలు ఉద్యోగవర్గమునుండియే గాని, మాజీ సైనికుని గాని, న్యాయాధికారిని గాని, యోగ్యుడైన ఎవరినైనను బహిరంగముగా ఎంచి, కనీసము అయిదేండ్లు కదల్చకుండునట్లు నియమించుట, పోలీసు కొలువులోనివానిని నియమింపవలసివచ్చినచో తిరిగి ఆ కొలువునకు పోజాలని ఏర్పాటు చేయుట, వార్డరు శిక్షణను సంవత్సరమునకు పెంచి అందులో సగము న్యాయమునకును మనస్తత్వమునకును కేటాయించుట ప్రభుత్వోత్తరువులతో కాదగిన పనులు. మాజీ సైనికులకు వార్డరు ఉద్యోగములలో ఇచ్చు వాటాను కాపలాకు మాత్రమే పరిమితము చేయక, వృత్తిశిక్షణకును వైద్యసహాయమునకును విస్తరింపవచ్చును. సైన్యమున యంత్రములు బాగుచేయుట, తంతులు నడపుట, గాయములు కట్టుట నేర్చినవారు మన పల్లెలలో కావలసినంతమంది ఉన్నారు. వీటన్నిటికన్న ముందు, శాఖతో సంబంధములేని ప్రధాన తనిఖీ అధికారి పదవిని శాసనసభ సృష్టింపవలెను. ముందుగా తెలుపక ఏ జైలు ద్వారమునైనను తట్టు హక్కును, తన నివేదికను ప్రభుత్వపు అనుమతి లేకయే ప్రచురించు హక్కును అతనికి శాసనమే ఈయవలెను. ఆ స్థానమునకు సైన్యమున క్రమశిక్షణా విభాగము నడపి విరమించిన జనరలు ఎవరైనను దొరకినచో, జైళ్ళను ఏలుటకు గాక, ఏలువారిని ప్రశ్నించుటకు ఆయనను పిలుచుకొని వత్తము.